నర్సయ్య వేలు, కునుకు తీసిన ప్రాసెసరు

ముందే ప్రమాణం చేస్తున్నాను. కోరుట్లలో నన్ను కోతల రాయుడంటారు, అది నాకూ తెలుసు. అయినా ఇక్కడ రాసిన ప్రతి అక్షరం నిజం. ఇరవై రెండేళ్ల నా సర్వీసు మీద ఒట్టు.

నాలుగేళ్ల కిందట, ఏప్రిల్‌లో, జగిత్యాల ఆఫీసులో సీనియర్ హార్డ్‌వేర్ ఇంజనీరుగా ఉండగా నన్ను సిరిసిల్లలోని ఒక నమోదు కేంద్రానికి పంపారు. మరమగ్గాల కార్మికుల పేర్లు అక్కడ వేలిముద్రతో ఎక్కించాలి. పేరు ఎక్కనివాడికి ఆ సీజనులో సర్కారు ఇచ్చే చీరల ఆర్డరు మీద పని దొరకదు. ఫిర్యాదు ఒకటే, కంప్యూటరు నెమ్మది. ఫైలు నొక్కి, కోరుట్ల దాకా పోయి చాయ్ తాగి వస్తే అప్పుడు తెరుచుకునేది.

నేను చేరేసరికి నమోదు గడువు ముగిసి ఒక పూట దాటింది. వీర్నపల్లి నర్సయ్య మాత్రం ఇంకా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు.

"మూడు రోజుల సంది తిరుగుతుండు సార్. నూలు పట్టి పట్టి ఏళ్లు అరిగినయి," అంది ఆపరేటరు రజిత. "జర బండకు రుద్దుకో కాకా అంటే, నెత్తురు అచ్చేదాక రుద్దిండు."

నేత పనివాళ్ల వేళ్లు అరుగుతాయని సిరిసిల్లలో తెలియనిది ఎవరికి? అందుకే యంత్రాన్ని ఎవరూ అనుమానించలేదు.

సెట్టింగులు తెరిచాను. పవర్ సేవర్‌లో ఉంది. ప్రాసెసరు వేగాన్ని మూడో వంతుకు కట్టేశారు. కరెంటు కోతల్లో ఇన్వర్టరు ఎక్కువసేపు నిలవాలని అలా చేస్తాం, తర్వాత విప్పాలి. అంతకుముందు వచ్చిన ఇంజనీరు విప్పకుండానే పోయాడు. అరిగిన ముద్రను సరిచేసి పంపడం ప్రాసెసరుకు బరువు పని. కునికిపాట్లు పడుతూ అది ఆ పని ముగించేలోపు, సర్వరు ఇచ్చిన కొద్ది క్షణాలూ అయిపోయేవి. తెర మీద మాత్రం ముద్ర సరిపోలేదనే వచ్చేది.

వేగం పూర్తిగా పెంచి, ఎడమ బొటనవేలు పెట్టమన్నాను. అదీ మూడు రోజులుగా పడని వేలే. మొదటిసారికే పడింది.

"అంటే నా ఏలు మంచిదేనా సార్?"

"మంచిదే కాకా."

ఆయన రజిత వైపు తిరిగాడు. "గీ డబ్బా పండుకుంటే నన్నెందుకు రుద్దుకోమంటివి బిడ్డా?"



పై అధికారికి ఫోను చేసి, ఆయన పేరు ఎక్కించనివ్వమని అడిగాను. గడువు అంటే గడువే అన్నారు. ఆ వారమే నర్సయ్య మగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కాడు. వానాకాలంలో, అక్కడి మగ్గాల షెడ్డులోనే పోయాడని రజిత చెప్పింది.

మనిషిని అనుమానించే ముందు యంత్రం సెట్టింగు చూడాలి. ఈ ఉద్యోగం నాకు నేర్పింది అంతే.

ఒట్టు వేశాను కాబట్టి కల్పించిందేదో కూడా చెప్పాలి. చాయ్ సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు. రెండోది నమ్మి ఉంటారు. నాకంటే ముందు అక్కడికి ఏ ఇంజనీరూ రాలేదు. మార్చిలో వెళ్లి ఆ వేగాన్ని కట్టేసి వచ్చింది నేనే.