నీళ్ల తరుగు

ముందే ఒప్పేసుకుంటాను, నేను ఏది చెప్పినా కాస్త ఎక్కువేసి చెబుతాను. నా నోట్లో పడిన చేపపిల్ల సొరచేపై బయటికొస్తుంది. కాబట్టి మీ తరుగు మీరు తీసుకుంటూ చదవండి. ఆ రోజుల్లో గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో నా పని కూడా అదే. బస్తాను కాటా మీద పెట్టి, వచ్చిన బరువులోంచి గోనెకూ కుళ్లుకాయలకూ ఇంతని తగ్గించి రాసేవాణ్ణి. దాన్నే తరుగు అంటారు. అప్పుడు నా వయసు ఇరవై రెండు, గర్వం అరవై రెండు.

ఉండేది మా మేనత్త ఇంట్లో. చర్చి పాటల బృందానికి అత్తదే ముందు గొంతు. ఆమె ఎత్తుకుంటే జంక్షన్‌లో రైళ్లు ఆగిపోయేవి (డ్రైవర్లు దిగి దణ్ణం పెట్టి వెళ్లేవాళ్లు). బృందం నిలబడేది చర్చి లోపలి మేడ మీద, పద్దెనిమిది మెట్లు ఎక్కి. ఆ ఏడు ఆమె మోకాళ్లు మొరాయించాయి. బరువు తగ్గితేగానీ మెట్లెక్కవద్దని డాక్టరు రోజుకిన్ని క్యాలరీలని చీటీ రాసిచ్చాడు. క్రిస్మస్‌కు మూడు నెలలే ఉన్నాయి. "కింద కుర్చీలో కూసోని పాడితే అది పాట గాదబ్బయ్యా, సణుగుడు" అని అత్త కళ్లు తుడుచుకుంది.

ఆ భారం నేను నెత్తినేసుకున్నాను. తోటకూర కట్టలో ఎన్ని క్యాలరీలున్నాయో ఎవరికి తెలుసు? డబ్బా మీదైతే అచ్చేసి ఉంటుంది. అందుకని చిల్లకూరు దగ్గర హైవే పక్క దుకాణంలో బఠాణీల డబ్బాలు, మొక్కజొన్న గింజల డబ్బాలు ఆటో నిండా వేసుకొచ్చాను (బరువుకు వెనక టైరు పగిలింది).

"ఏందిరా ఇది? పెరట్లో తోటకూర ముదిరిపోతా ఉంటే డబ్బాల్లో తెచ్చినావు?"

"లెక్కత్తా, లెక్క! పూటకు నూరు గ్రాములు. ఒక్క గింజ ఎక్కువైనా ఊరుకోను."

"సర్లే, కాటా మనిషివి. నువ్వు తూచిందే తింటా."

పూటపూటా డబ్బా కోసి, గింజలు నిలవుంచిన ఉప్పునీళ్లతో సహా గిన్నెలో పోసి, గిన్నె బరువు మాత్రం బహు జాగ్రత్తగా తీసేసి, నూరు గ్రాములు తూచేవాణ్ణి. ఆ తరవాత నీళ్లు వంచి, మిగిలిన గింజలు రెండు పుల్కాల పక్కన పెట్టేవాణ్ణి. నెల తిరిగేసరికి అత్త బరువు తగ్గింది, నేను కాలరెగరేశాను. ఆమె గొంతు కూడా తగ్గిందని మాత్రం పట్టించుకోలేదు. పాట సాధన మధ్యలో కూర్చుండిపోయి, "ఏం లేదురా, కొంచెం కళ్లు తిరిగినాయి" అంది.

ఒక ఆదివారం మా మార్కెట్టు పెద్ద గుమాస్తా భోజనానికొచ్చాడు. అందరికీ ఆయన తరుగు తాత. నేను తూకం వేస్తుంటే గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏందబ్బయ్యా అది?"

"అత్తకు నూరు గ్రాముల బఠాణీలు, తాతా."

ఆయన గిన్నెలో వేలు ముంచి నాకాడు. "సగం నీళ్లే గదరా! పొద్దస్తమానం బస్తాలకు తరుగు తీసేవోడివి, అత్త గిన్నెకు నీళ్ల తరుగు తీయలేదా?"

డబ్బా తిప్పి చూశాను. నీళ్లు వంచాక గింజలెంత తూగుతాయో చీమకాళ్లంత అక్షరాల్లో వేరే రాసి ఉంది. క్యాలరీల లెక్క ఆ గింజలకట! ఇన్నాళ్లూ అత్త తిన్నది సగమే.

"ఆకలేస్తే చెప్పొచ్చుగా అత్తా!" ఏడుపొచ్చేసింది నాకు.

"ఎట్ట చెప్పేదిరా? మీ మామ పోయినాక నా కంచం వంక చూసినోడివి నువ్వొక్కడివే. అంత ఒబ్బిడిగా తూస్తా ఉంటే, చాల్లేదని నోరెట్లొస్తది?"

మరునాటి నుంచి ముందు నీళ్లు వంచి, తరవాత తూచాను. పెరటి తోటకూర కూడా కంచంలోకొచ్చింది, గొంతు వెనక్కొచ్చింది. క్రిస్మస్ నాడు అత్త పద్దెనిమిది మెట్లూ గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. ఆ పాటకు అక్కడెక్కడో సంగం ఆనకట్ట మీద కొంగలన్నీ లేచాయి.

ఇప్పుడు డాక్టరు నాకూ ఒక చీటీ రాశాడు. డబ్బా కోసినప్పుడల్లా నీళ్లు వంచి తూచి, ఎవరూ చూడకుండా ఇంకో గుప్పెడు వేసుకుంటాను, అత్తకు బాకీ పడ్డ గింజలు నేను తింటున్నట్టు.

ఇక నా తరుగు. రైళ్లు, టైరు, కొంగలు మీరే తీసేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఆ మెట్లు. అత్త నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయి కూర్చుంది. పైనున్న బృందం, ఎవరూ పిలవకుండానే, ఒక్కొక్కరే దిగొచ్చి ఆమె చుట్టూ మెట్ల మీద నిలబడ్డారు. అత్త కూర్చునే ఎత్తుకుంది. అది సణుగుడు కాదు (ఇందులో తరుగేమీ లేదు).