శనివారం నాడు సాసేజ్‌ల ఊళ్ళో

వచ్చే మంగళవారం పళ్ళ డాక్టర్ దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్ళాలి. మా ఆయన ఆ రోజు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉంటారు. అమెరికాలో ఈ బాతెల్ ఊరికి వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ మందుల షాపులో కూడా నా తరఫున ఆయనే మాట్లాడతారు. నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే, అదీ తెలుగులో. అపాయింట్‌మెంట్ మార్పించమంటే ఆయన ఒప్పుకోలేదు. "ముందు ఒక రోజు నేను లేకుండా ఎక్కడికైనా వెళ్ళిరా" అన్నారు. మా పై ఫ్లాట్‌లో ఉండే స్వప్నక్క, ఆమెతో పనిచేసే లావణ్య కొండల అవతల ఉన్న లెవెన్‌వర్త్ అనే ఊరు చూడ్డానికి వెళ్తుంటే నేనూ బయల్దేరాను. కొత్తవాళ్ళతో ఒక్క మాటయినా నా అంతట నేనే మాట్లాడి రావాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఉదయం ఏడున్నరకు కారెక్కాం. మన్రో దాకా వెళ్ళి, అక్కడ రెండో నంబరు హైవే పట్టుకుంటే ఇక దారి తప్పే పనిలేదు. స్టీవెన్స్ పాస్ కనుమ దాటాక కొండల మధ్య నది రోడ్డు పక్కనే వస్తుంది. అక్టోబరు కాబట్టి ఇంకా మంచు పడలేదు, చెట్లన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి. పది లోపే చేరడంతో పార్కింగ్ సులువుగా దొరికింది, రోజంతటికీ పదిహేను డాలర్లు.

చూడ్డానికి యూరప్ ఊరిలా ఉంటుంది కానీ, ఇది నిజంగా యూరప్ ఊరు కాదు. ఒకప్పుడు కలప కోసే ఊరట. రైలు దారి మారి ఊరు పాడుబడుతుంటే, జనమే పూనుకుని ఇళ్ళూ దుకాణాలూ జర్మనీ పల్లెల్లో ఉన్నట్టు మార్చుకున్నారట. చెక్క బాల్కనీలు, వాటి నిండా పూలకుండీలు, గోడల మీద బొమ్మలు. రెండు గంటలు నడిచినా అలసట తెలియలేదు.

పన్నెండింటికి, మాంసం కూరి చేసే సాసేజ్‌ల కొట్టు ముందు వరసలో నిలబడ్డాం. మా వంతు దగ్గరికి వచ్చాక స్వప్నక్క ఉన్నట్టుండి లావణ్య వైపు తిరిగింది.

"వారం సంది సాసేజ్ సాసేజ్ అని నా పానం తీసినవ్. ఇయ్యాల శనివారమని యాదికి లేదానే?"

"సెలవు దొరికిందే శనివారం అక్కా, నేనేం చెయ్యను" అంది లావణ్య.

శనివారం మేం ముగ్గురమూ మాంసం ముట్టం. ఇక మిగిలింది బంగాళాదుంప అట్లు. కానీ వాటినీ సాసేజ్‌లు వేగుతున్న పెనం మీదే వేస్తున్నారు, ఆ నూనె అట్ల కిందికి పారడం నాకు కనిపిస్తూనే ఉంది. లావణ్య ఫోన్‌లో మెనూ వెతుకుతోంది. ఇంతమంది వెనక ఉండగా అడిగితే బాగుండదని, కారులో ఉన్న పులిహోర తిందామని స్వప్నక్క అంది.

వంట సంగతి నాకు తెలుసు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి పెనం చూపించాను.

"టుడే నో మీట్. న్యూ పాన్, ప్లీజ్?"

వంటచేసే పెద్దావిడ పెనం వంక, నా వంక చూసింది. "ఫైవ్ మినిట్స్, హనీ" అని వేరే పెనం తీసింది.

అట్లు ఆవిడే తెచ్చిచ్చింది. అంత కరకరలాడేలా తురుములో నీళ్ళు ఎలా తీశారని చేత్తో పిండి చూపిస్తూ అడిగాను. గుడ్డలో కట్టి పిండుతుందట. ఈ రెండో ప్రశ్న అడగకపోయినా గడిచేది. అయినా అడిగాను. ప్లేటు పన్నెండు డాలర్లు. పక్కన ఇచ్చిన యాపిల్ గుజ్జు తియ్యగా ఉంటే, స్వప్నక్క బ్యాగులోంచి కారప్పొడి తీసింది.

నది ఒడ్డున కాసేపు తిరిగి నాలుగింటికి బయల్దేరాం. మన్రో ముందు ట్రాఫిక్ ఉంటుంది, ఇంటికి చేరేసరికి ఏడయింది.

నాకు ఇంగ్లీషు రాదని ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు. ఆ రోజు మాత్రం ఏం కావాలో నాకు స్పష్టంగా తెలుసు, అందుకే ఉన్న నాలుగు మాటలూ సరిపోయాయి. ఏ పన్ను నొప్పో కూడా నాకు తెలుసు. మంగళవారం బస్సు టైము చూసిపెట్టుకున్నాను.

మీకూ శనివారం నియమం ఉంటే ఆదివారం వెళ్ళండి. శనివారమే కుదిరితే ఆర్డర్ ఇచ్చేటప్పుడే వేరే పెనం అడగండి. ఐదు నిమిషాలు ఆగాలి, అంతే.