చెవి నొప్పి అని చెప్పిన అంకుల్

పోయిన నెలలో ఒక మంగళవారం, వార్డులోకి మధ్యాహ్నం భోజనాల ట్రాలీ వస్తున్న వేళ, అంకుల్ వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. లండన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేదంతా ఇంగ్లిషే. ఆ రోజు మాత్రం "అక్కా, నాన్న పోయారు" అని తెలుగులో చెప్పింది. ఆ మాటలు ముందుగా కూడబలుక్కుని ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గుండె ఆగి పోయారట. నేను ఫోన్ పెట్టేసి, తినిపిస్తున్న పెద్దాయనకు మిగిలిన సూప్ తాగించి, దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఏడ్చాను.

ఆయన నాకు బంధువు కారు. నర్సు ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో లండన్ శివారు హేస్‌లో వాళ్లింటి పై గదిలో అద్దెకు దిగాను, అంతే. ఉప్పాడ దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, సరుకుల ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసి, చివరికి ఇక్కడ ఎయిర్‌పోర్ట్ కార్గోలో స్థిరపడ్డారు. సెలవు రోజుల్లో ఒక క్లబ్బులో స్కూబా డైవింగ్ నేర్పేవారు. ఆ సంగతి తెలియక మొదటి ఆదివారం పొద్దున్నే కిటికీ తెరిచి కెవ్వున అరిచాను. పెరట్లో బట్టల తాడుకు ఎవరో తలకిందులుగా వేలాడుతున్నారు.

"మనిషి కాదమ్మా, మీ అంకుల్ నీళ్లలోకి దిగేటప్పుడు వేసుకునే డ్రైసూటు. ఆరేశారు," అని ఆంటీ కింద నుంచి కేకేశారు.

మోకాలి లోతు నీళ్లు దాటి ఎరగని నన్ను కౌన్సిల్ వాళ్ల ఈతకొలనులో దింపింది ఆయనే. నీటి అడుగున మొదటిసారి గాలి పీల్చిన సంబరంలో, బాగుందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించాను. వెంటనే నన్ను పైకి తెచ్చేశారు. మళ్లీ దిగాం. మళ్లీ చూపించాను. మళ్లీ తెచ్చేశారు.

"ఏంటంకుల్, ఉండనివ్వరా?"

"నువ్వే కదమ్మాయ్ పైకి పోదామన్నావు? నీళ్లలో బొటనవేలు ఎత్తితే అదే అర్థం. నువ్వెన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు తీసుకొస్తాను. ఎందుకని అడగను. ఎవరూ అడక్కూడదు."

కోవెంట్రీకి కాస్త దూరంలో, నీళ్లు నిండిన పాత రాతి క్వారీలో రెండేళ్లు నాతో సాధన చేయించారు. చలికి నా పెదాలు నీలంగా మారితే ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి ఇచ్చేవారు. "సిలిండర్లో గాలి సగం ఉండగానే ఇల్లు గుర్తు రావాలి" అనేది ఆయన మాట. నా డ్యూటీల పట్టిక ఫ్రిజ్ మీద అంటించుకుని, నాకు సెలవున్న రోజే తనూ సెలవు పెట్టేవారు.

ఆయనకొక కోరిక ఉండేది. డోర్సెట్ తీరానికి ఆవల, ముప్పై అయిదు మీటర్ల లోతున, యుద్ధకాలంలో మునిగిన ఒక సరుకుల ఓడ ఉంది. దాని అడుగున బాయిలర్లలో బొగ్గు వేసినవాళ్లలో మన దేశం వాళ్లున్నారని ఎక్కడో చదివారు. "పైన తిరిగిన ఆఫీసర్ల ఫొటోలున్నాయి. వీళ్లవి ఒక్కటీ లేదు. కనీసం ఆ బాయిలర్ల దగ్గరికెళ్లి చెయ్యేసి రావాలి," అనేవారు. రెండుసార్లు పడవ మాట్లాడుకున్నారు. రెండుసార్లూ గాలి లేచి ప్రయాణం ఆగిపోయింది. మూడోసారి, ఒక మే నెలలో, తనకు జోడీగా నన్ను తీసుకెళ్లారు.

పోటు ఆగి నీళ్లు నిలకడగా ఉండే ఆ కాసేపట్లోనే దిగి రావాలి. ఓడకు కట్టిన తాడు పట్టుకుని దిగుతుంటే పచ్చటి వెలుగు నల్లబడింది. ముఖం మీద చలి సూదుల్లా గుచ్చింది. ఒక్కసారిగా కాళ్ల కింద ఓడ పక్క భాగం గోడలా కనబడింది. భయమేసింది. ఊపిరి మీద ఊపిరి పీలుస్తున్నాను. అంకుల్ నా గాలి మీటరు చూశారు, నా కళ్లలోకి చూశారు. ఆయన కోరిక పాడుచేయకూడదని వేళ్లు గుండ్రంగా చుట్టి, బాగానే ఉన్నానని అబద్ధమాడాను. ఆయన లైటు ఒకసారి ఓడ పొడవునా వేసి చూశారు. తర్వాత నా భుజం పట్టీ పట్టుకుని బొటనవేలు పైకెత్తారు.

పడవలో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. పడవ నడిపే అతను వచ్చి, ఇంత తొందరగా వచ్చేశారేమని అడిగాడు.

"నా చెవి నొప్పి పెట్టింది. ఈ అమ్మాయికి కూడా చూడ్డం కుదర్లేదు పాపం," అన్నారు అంకుల్ ఇంగ్లిషులో. నేను నోరు తెరవబోతే నా బూటు తొక్కారు.

"ఎందుకంకుల్ అబద్ధం?"

"నువ్వు చెప్పావు కదా కింద ఒకటి. ఇది దానికి జోడీ. ఓడ ఎక్కడికి పోద్దమ్మాయ్, మళ్లీ వద్దాం."

మళ్లీ రావడం కుదరలేదు. ఆ చలికాలం గుండె పరీక్షల్లో తేడా కనబడింది. ఇక నీళ్లలో దిగడానికి వీల్లేదన్నారు. ఆ కబురు నాకు చెప్పింది ఆంటీ. నేను ఆయన ముందు నిలబడి, "ఆ ఓడ చూసే అవకాశం నా వల్లే పోయింది" అంటే కోప్పడ్డారు. నా మీద ఆయన కోప్పడింది ఆ ఒక్కసారే. "నిన్ను అక్కడ వదిలేసి బాయిలర్ చూసొచ్చుంటే, దాన్ని తల్చుకున్నప్పుడల్లా నాకేం కనబడేది?" అన్నారు.

కిందటి వేసవిలో క్లబ్బు వాళ్లతో ఆ ఓడ దగ్గరికి నేనే వెళ్లాను. ఊపిరి నెమ్మదిగా నడిచింది. బాయిలర్ దాకా వెళ్లి, చేతి తొడుగుతోనే దాని మీద చెయ్యి వేసి, ఆయన వేసినట్టే అనుకున్నాను. మర్నాడు నేరుగా హేస్ వెళ్లాను. మందుల వల్ల ఒళ్లు తూలుతున్నా, నేను రాగానే టీవీ కట్టేసి నిటారుగా కూర్చున్నారు.

"కొలిమి తలుపు తెరిచుందా?"

"ఒకటి తెరిచే ఉందంకుల్. లోపల్నించి పెద్ద పాము చేప తల బయటపెట్టి చూస్తోంది."

"అయితే ఇల్లు ఖాళీగా లేదన్నమాట," అని చాలాసేపు నవ్వారు. తర్వాత లేచి నన్ను కిటికీ దగ్గర నిలబెట్టారు. "నువ్వు ఈ చివర. బాయిలర్ ఎంత పెద్దదో చూద్దాం. చెప్పు, ఇక్కడిదాకానా?"

"ఇంకా వెనక్కి అంకుల్."

రెండు చేతులూ చాచి, నా ముఖమే చూస్తూ, అడుగు అడుగూ వెనక్కి వేశారు. సోఫా దాటారు. టీ కప్పులతో వస్తున్న ఆంటీ గోడకు ఒత్తుకుని దారిచ్చారు. వంటగది దాటి, తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి ఎండలోకి వెళ్లి, సాక్సులతోనే గడ్డిలో నిలబడి, చాచిన చేతులు దించకుండా కేకేశారు.

"ఇక్కడిదాకానా అమ్మాయ్?"