ట్రాలీ ఎక్కని మనిషి

మా పెదనాన్న పోయాడని హైదరాబాద్ ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. గుండె ఆపరేషనుకని వెళ్లిన మనిషి. రైల్లో ఆలస్యమవుతుందని శవాన్ని విమానంలో పంపారు. బతికుండగా ఆ విమానాశ్రయాల పేరెత్తితేనే ఆయన మొహం చిట్లించేవాడు. నాన్న లేని నన్ను పెంచింది ఆయనే కాబట్టి ఆ చీదర నాకూ అంటింది. అద్దాల మేడ చూసి నోరు వెళ్లబెట్టకుండా ఉన్నానంటే ఆయన చలవే.

ఖరగ్‌పూర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో హమాలీల మేస్త్రీ ఆయన. రిటైరయ్యాక ఒకే ఒక్కసారి విమానం ఎక్కి, మా పేట తాల్‌బగీచాలో ఏడాదంతా దాన్ని తిట్టాడు. "ఏటి రా అది? బెల్టు ఇప్పమన్నారు, జోళ్లు ఇప్పమన్నారు. అన్నీ ఇప్పీసినాక వెల్‌కమ్ అంట! మన టేసన్లో కుక్క కూడా దర్జాగా తొంగుంటాది."

ఆయన ముఠాకో పద్ధతి ఉండేది. రైలుబండిలో శవం వస్తే ట్రాలీ ముట్టనిచ్చేవాడు కాదు. నలుగురూ భుజాన ఎత్తుకుంటే ఆయన ముందు నడుస్తూ "రాస్తా, దాదా, రాస్తా" అని దారి కోసం కేకేసేవాడు. "సామానైతే లాగుతాం. మనిషి నడిసొచ్చినట్టుండాల" అనేవాడు. ఆసుపత్రికి బయల్దేరుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకేటైనా అయితే నన్నూ అలాగే దింపాల రా." సరేనని మాటిచ్చాను.

మాకు అందుబాటులో ఉన్న ఆ చిన్న విమానాశ్రయం ఎలా ఉందో చెబుతాను వినండి. ముందువైపు అద్దాలు, అరువు నవ్వులు, నోట పెట్టలేని కాఫీ. కార్గో అంతా వెనకాల రేకుల షెడ్డులో. అక్కడ రొయ్యల పెట్టెల పక్కన మా పెదనాన్న. టై కట్టుకున్న అధికారి కాగితంలోంచి తల ఎత్తకుండా "ఈ ఐటమ్ మీదేనా?" అన్నాడు హిందీలో. ఐటమట! పెట్టెని ఎత్తడానికి ఫోర్క్‌లిఫ్ట్ కదిలింది.

నిమ్‌పురా నుంచి నాతో వచ్చిన, ఆయన పాత ముఠాలోని ముగ్గురు ముసలి హమాలీలు దానికి అడ్డం నిలబడ్డారు. చేత్తో ఎత్తడానికి రూలు ఒప్పుకోదన్నాడు అధికారి.

"మీ రూలేదో ఆ రొయ్యలకి సెప్పుకోండి బాబూ" అన్నాడు వాళ్లలో పెద్దాయన, తెలుగులోనే. ఏం అర్థమైందో గాని అధికారి పక్కకి తప్పుకున్నాడు.

నాలుగో భుజం నాది. ఏడుపు ఆగలేదు. కార్గో గేటు దాటితే ప్రయాణికులు కార్లెక్కే రోడ్డే.

"రాస్తా, దాదా, రాస్తా!" ముందు మోస్తున్న పెద్దాయన కేకేశాడు. చక్రాల పెట్టెలు లాక్కుపోతున్న వాళ్లంతా ఆగి దారి ఇచ్చారు. మా పెదనాన్న నడిచి బయటికి వచ్చాడు.