తెర మీద ఆగిపోయిన అంకె

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పటాన్‌చెరులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఫ్యాక్టరీల్లో ఏ ట్యాంకు ఎంత వేడిగా ఉందో, ఏ వాల్వు తెరిచి ఉందో కంప్యూటర్ తెర మీద చూపించడం మా పని. ఆ తెర మీద బటన్లూ అంకెలూ గీసే ప్రోగ్రాం భాగాన్ని, అంటే లైబ్రరీని, నేనూ, సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక సీనియర్ ఇంజనీరూ కలిసి రాశాం. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. మేం రాసిందంతా విండోస్ కోసమే.

హత్నూర దగ్గర మా ప్రోగ్రాం కావాలన్న ఒక రసాయనాల ఫ్యాక్టరీవాళ్లు తమ కంప్యూటర్లో విండోస్‌కు బదులు లినక్స్ పెట్టుకున్నారు. "ప్రోగ్రాం ఒక్కటే ఉండాలె, రెండిట్ల నడవాలె," అన్నాడు మా ఓనరు. విండోస్‌లో అక్షరాలు చక్కగా సరిపోయిన బటన్‌లోనే లినక్స్‌కు వచ్చేసరికి సగం తెగిపోయేవి. అది సరిచేస్తే విండోస్‌లో ఇంకేదో చెడేది. అన్నం తింటున్నా ఏదో మరిచిపోయినట్టే ఉండేది నాకు.

ట్రయల్ రోజు ఆ ఫ్యాక్టరీ ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి వేడి చేశారు. నేను ఒకచోట నిలబడలేకపోయాను. ట్యాంకుకు బిగించిన ముల్లు మీటర్ చూసి రావడం, తెర చూడడం, మళ్లీ వెళ్లడం.

"ఏంది తమ్మీ, గట్ల తిరుగుతున్నవ్? జెర కూసో," అంది అక్క.

కూర్చోలేదు. ఈసారి ముల్లు తొంభై దాటింది. తెర మీద ఇంకా అరవై నాలుగే.

"అక్కా, అంకె ఆగిపోయింది."

ఆమె తెర మీది విండోను కిందికి దించి మళ్లీ పైకి తెచ్చింది. అంకె ఒక్కసారిగా తొంభై మూడుకు దూకింది. మా వెంట వచ్చిన ఓనరు మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"ఇప్పుడు మంచిగనే చూపెడుతుంది కద. ఆళ్లకేం చెప్పకుండ్రి. రేపు చూస్కుందాం."

"రేపటి సంది దాంట్ల నీళ్లు ఉండయి సార్," అన్నాను.

అక్క నేరుగా ఫ్యాక్టరీ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయనకు కోపమొచ్చింది. "గిదేం పని మేడమ్? ముందుగాల దీన్ని తీస్కపోండ్రి," అన్నాడు.

కంప్యూటర్‌ను జీపులో పెట్టుకుని వెనక్కి వచ్చాం. ఓనరు మాట కాదన్నందుకు ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

తప్పు ఎక్కడుందో వెతకడానికి చాలా రోజులే పట్టాయి. ప్రోగ్రాంలో ట్యాంకు వేడిని చదివే భాగం నుంచే నేరుగా తెర మీద గీసేవాళ్లం. విండోస్‌లో అది ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. లినక్స్‌లో రెండు పనులు ఒకదానికొకటి అడ్డుపడి, గీయడం ఆగిపోయేది. గీసే పనంతా ఒక్కచోటికే మార్చేశాం. ట్యాంకు నుంచి కొత్త రీడింగ్ రాకపోతే అంకె ఎర్రబడేలా కూడా చేశాం.

రెండో ట్రయల్‌లో ముల్లూ తెరా కలిసే నడిచాయి. ఇన్‌చార్జి సంతకం పెట్టాడు. మా ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

అయినా ఆ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వస్తే, ఓనరు రిసీవర్ పెట్టేసేదాకా ఆయన మొహమే చూస్తూ ఉండేవాణ్ణి. చాలాసార్లు వాళ్లు అడిగింది అక్షరాలు జెర పెద్దగా చేయమనే.