వదిన ఏరిన మెమరీ

పోయిన గురువారం పొద్దున భూపాలపల్లి నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, అమ్మ పోయింది. చాయ్ తాగి, జర పండుకుంట అన్నది. మల్ల లేవలే" అంది. జనగామలో మా ఇంటి గడప మీద అప్పుడు నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. వదినకు డెబ్బై నిండాయి. చివరి ఏళ్లు గని క్వార్టర్లో కూతురి దగ్గర, మనవళ్ల పాత ఫోన్లు విప్పుతూ బిగిస్తూ సుఖంగానే గడిపింది. కష్టపడకుండా పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయడం లేదు.

మా అన్నది మహబూబాబాద్ బజార్లో మిర్చి టోకు వ్యాపారం. ఆ ఊరిని మేం మానుకోట అంటాం. వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన అమ్మాయి మా ఇంటికి కోడలుగా వస్తుందంటే బజారంతా వింతగా చెప్పుకుంది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడితే, వదిన ఇంట్లో తోచక వాళ్ల నాయిన రేడియో విప్పి మళ్లీ బిగించిందట. "బిగించినంక రెండు స్క్రూలు మిగిలినయ్. అయినా పాడింది" అని చెప్పి నవ్వేది.

ఎనభైల చివర్లో, హన్మకొండలో మూతపడిన ఒక శిక్షణ కేంద్రం నుంచి పాత కంప్యూటర్ తెప్పించి దుకాణం మీది రేకుల గదిలో పెట్టింది. కింద మిర్చి బస్తాలు, పైన కంప్యూటర్. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ముందు నాలుగుసార్లు తుమ్మి, ఆ తర్వాతే కీబోర్డు మీద చెయ్యి వేసేవారు. ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదు. నేర్పాలని వదిన పట్టుబట్టింది. అప్పుడు నేను టీచర్ ట్రైనింగ్ ముగించి ఇంట్లోనే ఉన్నాను. గళ్ల కాగితం మీద అక్షరాల వంపులు నేను గీసిచ్చేదాన్ని, వాటిని ఆమె ప్రోగ్రాంలోకి ఎక్కించేది.

ఆ ఏడు హైస్కూల్లో జరిగిన సైన్సు ప్రదర్శనకు కంప్యూటర్ తీసుకెళ్లాం. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె వరుసలో నిలబడి, "నా పేరు రాస్తదా గిది?" అని అడిగింది. వదిన ఆమె పేరు కొట్టింది. తెర మీద చుక్క పక్కన చుక్క పడుతూ మొదటి అక్షరం మొలవసాగింది. ఆమె కాసేపు చూసింది. బయట బస్సు హారన్ వినిపించగానే, "నా బస్సు పోతది అమ్మా" అని పరుగెత్తింది. పేరు పూర్తయ్యేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

"పేరొచ్చింది. మనిషి పోయింది" అంది వదిన. ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

మర్నాడే కంప్యూటర్ డబ్బా మూత విప్పింది. బోర్డు మీద క్రిస్టల్ అనే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. పాటకు వేసినట్టు అది ఎంత వేగంగా తాళం వేస్తే కంప్యూటర్ అంత వేగంగా నడుస్తుంది. దాన్ని తీసి అంతకంటే చురుకైనది పెట్టాలని ఆమె ఆలోచన. తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దు దాటించడం అన్నమాట. మా బాపు మెట్లెక్కి వచ్చి చూశాడు.

"నడిచేదాన్ని ఎందుకు విప్పుతవ్ బిడ్డా?"

"నడుస్తున్నది మామా. గిప్పుడు ఉరకాలె."

ఉరకలేదు. కొత్త క్రిస్టల్ పెట్టగానే తెర వెలిగి, మెమరీ తప్పు అని చూపించి ఆగిపోయింది. బోర్డు వేగంగా అడుగుతుంటే పాత మెమరీ చిప్‌లు అంత వేగంగా జవాబు ఇవ్వలేకపోతున్నాయి. తొమ్మిదేసి చొప్పున నాలుగు వరుసలు, మొత్తం ముప్పై ఆరు చిప్‌లు. అన్నీ మార్చాల్సిందే.

ఇద్దరం రైలెక్కి హైదరాబాద్ పోయాం. కోఠి సందుల్లో ఒక దుకాణంవాడు డబ్బా తెరిచి, "నూట ఇరవై రకం అమ్మా, గన్నీ ఒక్కటే" అన్నాడు. జవాబు ఇవ్వడానికి చిప్‌కు పట్టే కాలం అది. అంకె ఎంత తక్కువైతే చిప్ అంత చురుకైనది. వదిన సంచిలోంచి స్పిరిట్ సీసా తీసి, చేతిరుమాలు తడిపి ఒక చిప్ వీపు తుడిచింది. పైన అచ్చు వేసిన నూట ఇరవై చెరిగిపోయి, అడుగు నుంచి రెండు వందలు మసకగా కనబడింది.

"ముసలోనికి మీసాలకు రంగేసినవ్ అన్నా!" అంది వదిన.

దుకాణంవాడు సిగ్గుపడి, నవ్వి, లోపలి నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు. ఒక్కొక్కటీ తుడిచి చూసిగానీ ఆమె సంచిలో వేసుకోలేదు.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. అందరిలా చల్లటి పొద్దున పరీక్ష పెట్టలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం, రేకుల కింద పెట్టింది. "చీటీ చూసుడు కాదే, పని చేపిచ్చి చూడాలె. ఎండల నిలబడ్డదే నిలబడ్డట్టు" అనేది. ఒక్కో చిప్ అమర్చడం, కంప్యూటర్‌ను గంటసేపు నడపడం, ఆగిపోతే అది ఏ చిప్పో నేను నోటుబుక్కులో రాయడం. ఒకరోజు తొందరలో ఒకటి తిరగేసి పెట్టింది. సన్నగా పొగ లేచింది. "పాపం, దాని తప్పేం లేదు. నాదే" అని దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చుంది.

ఎండాకాలం పోయేసరికి ఏ వేడికీ తప్పు చెప్పనివి పద్దెనిమిదే తేలాయి.

"మిగిలినయి గూడ పెట్టరాదూ? పొద్దటి పూట మంచిగనే నడుస్తున్నయ్ గదా" అన్నాడు అన్న.

"మనుషులు పొద్దటి పూటనే వస్తరా?" అని రెండు వరుసలు ఖాళీగానే వదిలేసింది. ఉన్నదాంట్లో ఇమిడేలా ప్రోగ్రాం కుదించింది. పూల అంచులు, బొమ్మలు తీసేశాం. నాకు బాధనిపించింది. ఆమె నా వీపు నిమిరి, "మస్తు యాద్‌కు పెట్టుకునుడు గొప్ప కాదు పిల్లా. అడిగినప్పుడు తప్పకుంట చెప్పాలె" అంది.

తర్వాత జనగామ బళ్లో పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పాను. రేపటి పాఠంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకునేటప్పుడల్లా నాకు పనికొచ్చింది ఆ మాటే. ఆమెకు ఆ సంగతి చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పి ఉండాల్సింది.

మరుసటేడు ప్రదర్శనకు మళ్లీ వెళ్లాం. వదిన రెండు రోజులూ గుమ్మం వైపు చూస్తూనే ఉంది. ఆ తండా ఆమె రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం నెల్లికుదురు వైపు తండా నుంచి వేరే ఆమె వచ్చింది. పేరు అడిగితే, "బూలి" అంది.

గది పొయ్యిలా ఉంది. వదిన పేరు కొట్టింది. ఊపిరి పీల్చి వదిలేలోపే తెర నిండా రెండు అక్షరాలు నిలిచాయి.

"గిది నేనేనా?"

"నువ్వే అక్కా."

"మల్ల రాయి."

మళ్లీ రాసింది. అలా ఐదారుసార్లు. చివరిసారి బూలి ముందుకు వంగి, చూపుడువేలితో గాజు మీద ఆ అక్షరాల వెంబడే మెల్లగా గీసుకుంటూ పోయింది. వెనక వరుసలో ఎవరో విసుక్కుంటే వదిన చెయ్యెత్తి ఆపింది.

సాయంత్రం కంప్యూటర్ ఆపేశాం. నల్లబడిన తెర మీద రెండు రోజుల బడి దుమ్ము, ఆ దుమ్ములో వేలు తుడిచిన గీతలు. కిటికీలోంచి ఏటవాలుగా పడిన ఎండలో పేరు చదవడానికి వస్తోంది. తుడుద్దామని నేను గుడ్డ తీశాను. వదిన నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. రిక్షాలో ఇంటిదాకా తెరను ఒళ్లో పెట్టుకుని, గాజుకు కొంగైనా తగలకుండా, రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చుంది.