కొండపల్లి మలుపులో నా వెనక వినిపించిన కేక

దయ్యాల కథ చెప్పేవాళ్లని మధ్యలో ఆపి, "నువ్వు చూశావా, ఎవరో చెబితే విన్నావా?" అని నిలదీయడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. సగం కథలు అక్కడే చచ్చిపోతాయి. మా చుట్టాల్లో నేను వస్తున్నానంటే ఆ కబుర్లు కట్టిపెట్టేస్తారు. కాబట్టి ఇది చదివి మీరూ నన్ను నిలదీయండి. నన్ను నేను ఇంతవరకు వేసుకోని ప్రశ్న మీరు వేయగలిగితే సంతోషిస్తాను.

ఆదివారం పొద్దున్నే మా ఆడవాళ్ల బృందం గొల్లపూడి నుంచి సైకిళ్ల మీద బయల్దేరుతుంది. ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి వెళ్లి, కొండ అంచున అడవి పక్క రోడ్డులో ఓ చుట్టు తిరిగి, బొమ్మల దుకాణాలు తెరిచే వేళకి ఊళ్లో టీ తాగి వెనక్కి. ఎత్తులున్నాయి గానీ, మా వయసు మోకాళ్లు తిట్టుకుంటూ ఎక్కగలిగినవే.

మా చెల్లెలు లలితని ఇందులోకి లాగింది నేనే. ఆ మధ్య జబ్బు చేసి దాని కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది అంతంతమాత్రం. వాళ్లాయన ససేమిరా అన్నాడు. "వెనక లారీ వస్తే తనకెలా తెలుస్తుంది వదినగారూ?" అని అడిగాడు. "ఇంట్లో కూర్చోబెడితే చెవులు బాగుపడతాయా? వెనక నేనుంటాను, పూచీ నాది" అన్నాను. నాతో వాదించి గెలిచినవాళ్లు మా రెండిళ్లలోనూ లేరు. అప్పటి నుంచి వరసలో చివర నేను, నా ముందు లలిత.

మాకో పద్ధతి ఉంది. అందరికన్నా ముందు తొక్కే నస్రీన్ గారు రోడ్డు మీద గుంత కనబడగానే "గుంత!" అంటారు. ఆ మాటని ఒక్కొక్కరూ వెనక్కి అందిస్తారు. నా దాకా వచ్చాక నేను "ఆఖరు!" అని అరుస్తాను. కబురు అందరికీ చేరిందని దానర్థం. వెనక నుంచి వాహనం వస్తే మాత్రం "బండి!" అన్న కేక నా దగ్గరే మొదలవ్వాలి. లలిత వినాలంటే అది గొంతు చించుకుని రెండు మూడు సార్లు అరవాలి.

ఆ ఆదివారం రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చింది. అడవి పక్క రోడ్డులో "గుంత" అన్న కబురు నా దాకా వచ్చింది. "ఆఖరు!" అన్నాను. నా వెనక ఎవరో "ఆఖరు" అన్నారు.

ఎవడో పోకిరీ వెంటబడ్డాడనుకున్నాను. హ్యాండిల్‌కున్న అద్దంలో చూశాను. ఎవరూ లేరు. అద్దాన్ని నమ్మక, కాలు కింద పెట్టి వెనక్కి తిరిగాను. తడి రోడ్డు మీద మా టైర్ల గీతలు తప్ప ఏమీ లేవు. "ఎవడ్రా అక్కడ?" అని పొదల్ని కూడా గదమాయించాను. ఉలుకూ పలుకూ లేదు. కొండ ప్రతిధ్వని అని తీర్మానించి, గబగబా తొక్కి వరసలో కలిశాను.

కానీ తీర్మానిస్తే సరిపోదు, పరీక్షించాలి. మళ్లీ గుంత కబురు వచ్చినప్పుడు కావాలనే నోరు మూసుకున్నాను. అయినా నా వెనక "ఆఖరు" అని వినిపించింది. నేను అనని మాటకి ప్రతిధ్వని ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందున్న నస్రీన్ గారు కూడా "ఏమైందండీ, కబురు చేరిందా?" అని అడగలేదు.

తర్వాత దిగుడు, దాని మీదే ఓ మలుపు. లలిత కొండ వైపు చూస్తూ రోడ్డు మధ్యకి వచ్చేసింది. తిడదామని నోరు తెరవబోయేలోగా నా వెనక నుంచి "బండి!" అన్న కేక. అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. అయినా అలవాటు కొద్దీ నేనూ "బండి!" అని అరిచాను. అప్పటికే లలిత ఎడమ అంచుకి జరిగిపోతోంది. మరుక్షణం పట్టా కప్పిన బూడిద లోడు లారీ ఒకటి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. దిగుడు కదా అని ఇంజను ఆపేసి వదిలేశాడు మహానుభావుడు. హారన్ లేదు, చప్పుడు లేదు. క్షణం ముందు లలిత ఉన్న చోటు మీదుగానే పోయింది.

టీ కొట్టు దగ్గర అందరినీ నిలబెట్టాను.

"నా వెనక చేరి నాటకాలాడింది ఎవరు?"

"మీ వెనక ఎవరుంటారండీ? ఆఖరు మీరేగా!" అన్నారు నస్రీన్ గారు.

లలిత గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది. "నువ్వు రెండు సార్లు అరిచావు కదే అక్కా. మొదటి కేకకే జరిగాను. రెండోదాని కోసం ఆగుంటే ఈ టీ నువ్వొక్కదానివే తాగేదానివి."

"మొదటిది నేను కాదే!"

"అచ్చం నీ గొంతే. ఆ విసుగు కూడా నీదే."

ఎంత అరిచినా మొదటిసారికి వినిపించని మనిషి అది.

తెలియకుండా మీరే రెండు సార్లు అరిచి ఉంటారని నస్రీన్ గారి వాదన. అరిచాననే అనుకుందాం. కనబడని, వినబడని లారీ సంగతి నాకెవరు చెప్పారు? తర్వాత ఓ రోజు మా ఆయన్ని బండి మీద ఆ మలుపుకి తీసుకెళ్లి, నిలబడి అరిచి చూశాను. ఏ ప్రతిధ్వనీ రాలేదు. "నీకు ఎదురు చెప్పే ధైర్యం కొండకి మాత్రం ఎక్కడుంది?" అన్నాడాయన. నవ్వు రాలేదు నాకు.

లలిత సైకిల్ మానలేదు. దాన్ని మాన్పించే ధైర్యం నాకు లేదు, నిశ్చింతగా పంపే ధైర్యమూ లేదు. వాళ్లాయన ఇప్పటికీ ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి, "వెనక మీరే ఉంటారు కదా వదినగారూ?" అని అడుగుతాడు.

"ఉంటాను" అంటాను. అది నిజమే. ఆఖరున ఉండేది నేనే అని మాత్రం ఇప్పుడు ఎవరితోనూ అనడం లేదు.